బ్యాటరీ తీస్తే నైట్రోజన్ పోదు: మేకల నుంచి స్మార్ట్‌వాచ్ దాకా డైవ్ కంప్యూటర్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక రెండు రూపాయల నాణెంతో మొదలుపెడతాను.

అండమాన్‌లో హావ్‌లాక్ ద్వీపం, ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్. పొద్దున్నే ఒక డైవ్ సెంటర్ అరుగు మీద కూర్చుని, ఆ నాణెంతో నా డైవ్ కంప్యూటర్ వెనక మూత తిప్పడానికి తంటాలు పడుతున్నా. చేతికి వాచ్‌లా కట్టుకునేది, కొత్తది, ముచ్చటపడి కొనుక్కున్నది. ముందు రోజు మూడో డైవ్ అయ్యాక అది మొరాయించింది. స్క్రీన్ మీద ఏదో హెచ్చరిక మెరుస్తోంది. లోతు చూపిస్తోంది, టైమ్ చూపిస్తోంది, అంతే. "ఇంకెంతసేపు కింద ఉండొచ్చు" అనే అసలు లెక్క మాయం. ఫోన్ హ్యాంగ్ అయితే మనం ఏం చేస్తాం? స్విచాఫ్ చేసి ఆన్ చేస్తాం. ఇదీ అంతే కదా, బ్యాటరీ తీసి పెడితే సరి అనుకున్నా.

మా డైవ్‌మాస్టర్ టీ గ్లాసు పట్టుకుని అటుగా వచ్చాడు. వాళ్ల తాతల కాలంలోనే శ్రీకాకుళం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అక్కడ అలాంటి తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. నా చేతిలో నాణెం చూశాడు.

"ఏటి చేస్తన్నావు తమ్ముడూ?"

"లాక్ అయిపోయింది అన్నా. రీసెట్ చేస్తున్నా."

ఆయన నాణెం తీసుకుని జేబులో వేసుకున్నాడు. "బ్యాటరీ తీస్తే దాని లెక్క పోద్ది. నీ ఒంట్లో నైట్రోజన్ పోద్దేటి?"

ఆ రోజు నన్ను నీళ్లలోకి దిగనివ్వలేదు. ఆ తర్వాతి రోజు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బు కట్టాను, సెలవు పెట్టి వచ్చాను, ఈ ముక్క చెడిపోతే నేనేం చేయను? ఆ కోపంలోనే దీని చరిత్ర చదవడం మొదలుపెట్టా. చదివాక అర్థమైంది: అది చెడిపోలేదు. అది చేయాల్సిన పని అదే. ఆ పని దానికి నేర్పడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. మధ్యలో వంతెనలు కట్టిన కూలీలు, మేకలు, తన మీద తానే ప్రయోగాలు చేసుకున్న ఒక ప్రొఫెసర్ ఉన్నారు. ఆ ప్రొఫెసర్ కథ చివరికి మన కాకినాడలో ముగుస్తుంది. నిజంగా. అక్కడికి వస్తాను, ఆగండి.

గోలీ సోడా సైన్స్

ముందు సమస్య ఏంటో చూద్దాం. గోలీ సోడా కొట్టగానే ఏమవుతుంది? బుస్సుమని బుడగలు. గోలీ ఉన్నంతసేపు ఆ గ్యాస్ నీళ్లలో కరిగి కూర్చుంది. పైన ఒత్తిడి తగ్గగానే బయటికి దూకింది.

మన ఒళ్లూ అంతే. నీళ్లలో 10 మీటర్లు దిగితే మన మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. 30 మీటర్లలో నాలుగు రెట్లు. డైవర్ ఆ ఒత్తిడిలోనే గాలి పీలుస్తాడు. గాలిలో 78 శాతం నైట్రోజన్. ఆక్సిజన్ ఒంట్లో ఖర్చయిపోతుంది. నైట్రోజన్‌కి ఏ పనీ లేదు, అందుకని రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరిగి కూర్చుంటుంది. నిదానంగా పైకి వస్తే ఊపిరితో పాటు మెల్లగా బయటికి పోతుంది. గబుక్కున వస్తే సోడా కొట్టినట్టే. కీళ్లలో బుడగ వస్తే నొప్పి. వెన్నుపాములో వస్తే కాళ్లు పడిపోవచ్చు. కొన్నిసార్లు ప్రాణమే పోతుంది.

ఇది మొదట పెద్దగా కనిపించింది సముద్రంలో కాదు, నదిలో. అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ నది మీద ఈడ్స్ వంతెన, 1874లో పూర్తయింది. పునాది కోసం నది అడుగున పెద్ద పెట్టెలు దించి, నీళ్లు లోపలికి రాకుండా గాలిని ఒత్తిడితో నింపేవాళ్లు. వాటిని కైసన్లు అంటారు. కూలీలు లోపల మట్టి తవ్వేవాళ్లు. షిఫ్ట్ అయిపోయి పైకి రాగానే కొందరు నొప్పితో మెలికలు తిరిగిపోయేవాళ్లు. పది మందికి పైగా చనిపోయారు. అప్పట్లో ఆడవాళ్ల ఫ్యాషన్‌లో నడుము ముందుకి వంచి నిలబడే ఒక భంగిమ ఉండేది, దాన్ని గ్రీషియన్ బెండ్ అనేవారు. నొప్పితో వంగి నడిచే కూలీలను చూసి తోటివాళ్లు ఆ పేరుతో ఎగతాళి చేశారు. ఇప్పటికీ ఈ జబ్బుని "బెండ్స్" అనే అంటున్నాం. అంటే ఈ పేరు పుట్టింది జోక్‌గా. ఎవరి మీద? నొప్పితో ఉన్న కూలీల మీద.

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్‌కి కూడా 1872లో ఇదే వచ్చింది. తర్వాత ఆయన సైట్‌కి వెళ్లలేకపోయారు. ఆయన భార్య ఎమిలీ రోబ్లింగ్ ఇంజనీర్లకీ ఆయనకీ మధ్య నిలబడి ఆ పని నడిపించారు. 1883లో వంతెన తెరిచారు.

కారణం తేల్చింది ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బేర్. 1878లో వచ్చిన తన పుస్తకంలో రెండు సంగతులు చెప్పారు. ఒకటి, ఈ జబ్బుకి కారణం నైట్రోజన్ బుడగలు. రెండు, ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ కూడా విషమే, మూర్ఛ తెప్పిస్తుంది. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మేకలు, బియ్యం, శనగలు

కారణం తెలిసింది. మరి ఎంత నిదానంగా రావాలి? ఈ ప్రశ్నని బ్రిటిష్ నేవీ జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త ముందు పెట్టింది. ఆయన లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఒత్తిడి గది పెట్టి అందులోకి మేకల్ని పంపారు. మేకలే ఎందుకు? ఎలుకలాంటి చిన్న ప్రాణుల్లో గ్యాస్ చాలా తొందరగా ఎక్కి తొందరగా దిగుతుంది, మనిషితో పోల్చడం కుదరదు. మేక కాస్త దగ్గర. పైగా మేకకి కీలు నొప్పి వస్తే ముందు కాలు పైకెత్తి నిలబడుతుంది, చూడగానే తెలిసిపోతుంది.

1908లో హాల్డేన్, బాయ్‌కాట్, డామంట్ కలిసి తమ పేపర్ అచ్చువేశారు. అందులోని ఊహ చాలా తెలివైనది. ఒళ్లంతా ఒకే వేగంతో నైట్రోజన్ పీల్చుకోదు. మన వంటింట్లో చూడండి. బియ్యం తొందరగా నానుతాయి, శనగలు రాత్రంతా నానాలి. తీసి ఎండబెట్టినా అంతే, ఒక్కోదానికి ఒక్కో టైమ్. రక్తం బాగా పారే భాగాలు బియ్యం లాంటివి, కొవ్వు లాంటివి శనగలు. హాల్డేన్ ఒంటిని ఐదు ఊహాత్మక భాగాలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక "హాఫ్ టైమ్" ఇచ్చారు: 5, 10, 20, 40, 75 నిమిషాలు. 5 నిమిషాల భాగం ఐదు నిమిషాల్లో సగం నిండుతుంది, ఇంకో ఐదులో మిగిలినదాంట్లో సగం, అలా. ఇవి గుండె, కాలేయం లాంటి నిజమైన అవయవాలు కావు. లెక్క కోసం పెట్టుకున్న డబ్బాలు.

రెండో ఊహ: 10 మీటర్ల లోతు నుంచి మనుషులు నేరుగా పైకి వచ్చినా ఏమీ కావట్లేదు. అంటే ఒత్తిడి సగానికి తగ్గితే ఒళ్లు తట్టుకుంటోంది. అందుకని లోతు నుంచి ముందు సగం ఒత్తిడి దాకా వచ్చి, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఆగుతూ రావాలి. ఈ రెండింటితో టేబుల్స్ తయారయ్యాయి: ఇంత లోతు, ఇంత సేపు, ఇక్కడ ఇన్ని నిమిషాలు ఆగు.

ఇవాళ మీ చేతికున్న డైవ్ కంప్యూటర్ చేసేది కూడా దాదాపు ఇదే. ఐదు డబ్బాల బదులు చాలా వాటిలో పదహారు డబ్బాలు, అంతే. ప్రతి కొన్ని సెకన్లకి ఒత్తిడి కొలిచి, ఒక్కో డబ్బాలో ఎంత ఎక్కిందో ఎంత దిగిందో లెక్క వేస్తుంది. స్క్రీన్ మీద మిగిలిన నిమిషాలు కనిపిస్తాయి చూడండి, అది ఆ డబ్బాల్లో ముందుగా గీత దాటబోయేదాని కౌంట్‌డౌన్.

కాకినాడకి చేరిన డైవర్

ఇప్పుడు కాకినాడ. 1906లో స్కాట్లాండ్ తీరంలో నేవీ డైవర్లతో ఈ పద్ధతిని పరీక్షిస్తున్నప్పుడు హాల్డేన్ తన కొడుకుని కూడా తీసుకెళ్లారు. పదమూడేళ్ల పిల్లాడు. పెద్దవాళ్ల డైవింగ్ సూట్ వేసి సముద్రంలోకి దించారు. సూట్ వదులై లోపలికి నీళ్లు వచ్చాయి. అయినా బతికి బయటపడ్డాడు. ఆ పిల్లాడే తర్వాత ప్రపంచం మెచ్చిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్.

1939లో థీటిస్ అనే బ్రిటిష్ సబ్‌మెరీన్ మునిగి 99 మంది చనిపోయారు. ఆ తర్వాత జె.బి.ఎస్., ఆయన సహచరులు, అందులో తర్వాత ఆయన భార్య అయిన హెలెన్ స్పర్వే కూడా, ఒత్తిడి గదుల్లో తమ మీదే ప్రయోగాలు చేసుకున్నారు. ఎంత లోతులో ఆక్సిజన్ విషమవుతుంది, ఎంత సేపట్లో మూర్ఛ వస్తుంది. పాల్ బేర్ రెండో మాట గుర్తుంది కదా, అదే. అలాంటి ఒక ప్రయోగంలో మూర్ఛ వచ్చి ఆయన వెన్నుపూస దెబ్బతింది. కర్ణభేరికి చిల్లు పడింది. దాని గురించి బాధపడకుండా, చెవిలోంచి పొగ వదలగలనని నవ్వుతూ రాసుకున్న మనిషి ఆయన.

1957లో ఆయన ఇండియా వచ్చేశారు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు, తర్వాత భువనేశ్వర్ చేరారు. 1964 డిసెంబర్ 1న అక్కడే క్యాన్సర్‌తో పోయారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థులు చదువుకోవడానికి ఇవ్వాలని ముందే రాసిపెట్టారు. ఆ శరీరం వచ్చింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి.

ఆలోచించండి. డైవింగ్ లెక్కలకి పునాది పడుతున్నప్పుడు నీళ్లలోకి దిగిన పిల్లాడు, పెద్దయ్యాక అవే ప్రశ్నల కోసం తన ఒంటిని ప్రయోగశాల చేసుకున్నవాడు, చివరికి ఆ ఒంటిని మన గోదావరి జిల్లా పిల్లలకి పాఠంగా ఇచ్చేశాడు. మనం డైవింగ్ అంటే మనకి సంబంధం లేని ఫారిన్ హాబీ అనుకుంటాం. ఇంత దగ్గర సంబంధం ఉందని నాకైతే అప్పటిదాకా తెలీదు.

టేబుల్ నుంచి ముక్కుసూటి యంత్రం దాకా

1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గన్యాన్ కలిసి ఆక్వాలంగ్ తయారుచేశారు. పైనుంచి పైపు అక్కర్లేదు, సిలిండర్ వీపు మీదే. డైవర్ చేపలా ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. ఇక్కడే టేబుల్‌తో ఇబ్బంది వచ్చింది. టేబుల్ ఒకే లోతుని నమ్ముతుంది. 18 మీటర్లలో పది నిమిషాలు, 10 మీటర్లలో ముప్పై నిమిషాలు ఉన్నారనుకోండి, టేబుల్ మాత్రం "మొత్తం 40 నిమిషాలూ 18 మీటర్లే" అని రాసుకుంటుంది. ఆటో ఎక్కి సగం దూరంలో దిగినా మొత్తం చార్జీ తీసుకున్నట్టు. క్షేమమే, కానీ డైవర్‌కి టైమ్ నష్టం.

అందుకని అసలు ఎలా తిరిగాడో అలాగే లెక్కపెట్టే యంత్రం కావాలి. 1959లో ఇటలీలో కార్లో అలినారి అనే ఆయన ఒకటి చేశారు. అందులో చిప్ లేదు, బ్యాటరీ లేదు. ఒక మెత్తటి గ్యాస్ సంచి, ఒక గట్టి గది, రెండింటి మధ్య సన్నటి రంధ్రాలున్న పింగాణీ ముక్క. లోతుకి వెళ్తే గ్యాస్ ఆ రంధ్రాల్లోంచి మెల్లగా గదిలోకి వెళ్తుంది, పైకొస్తే మెల్లగా వెనక్కి. ఒంట్లో నైట్రోజన్ ఎలా కదులుతుందో దానికి బొమ్మ అన్నమాట. ముల్లు చూసి ఎక్కడ ఆగాలో తెలుసుకోవచ్చు. చాలామంది ముచ్చటపడి వాడారు. కానీ అది ఒకే ఒక్క డబ్బాని లెక్కపెట్టేది. బియ్యం నానిందో లేదో చూసి శనగలు కూడా నానాయని చెప్పినట్టు. ఒకటి తర్వాత ఒకటి డైవ్స్ చేస్తే లెక్క తప్పేది. డైవర్లు దానికి "బెండ్-ఓ-మాటిక్" అని పేరు పెట్టారు, అంటే ఆటోమేటిక్‌గా జబ్బు తెప్పించేది అని.

కెనడాలో 1970లలో చేతిలో పట్టుకునే డిజిటల్ యంత్రం చేశారు. నాలుగు 9 వోల్ట్ బ్యాటరీలు వేస్తే నాలుగు గంటలు వచ్చేది. పవర్‌బ్యాంక్ లేని కాలం మరి.

ఇదే టైమ్‌లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ బ్యూల్‌మన్ అనే డాక్టర్ హాల్డేన్ లెక్కని ఇంకా పదును పెట్టారు. పదహారు డబ్బాలు, హాఫ్ టైమ్ 4 నిమిషాల నుంచి 635 నిమిషాల దాకా. కొండల మీద సరస్సుల్లో డైవ్ చేసేవాళ్లకీ లెక్క కట్టారు, ఎందుకంటే అక్కడ పైన గాలి ఒత్తిడే తక్కువ. మీ కంప్యూటర్‌లో "ఆల్టిట్యూడ్" సెట్టింగ్ ఉన్నది ఇందుకే. అన్నిటికన్నా పెద్ద మేలు ఏంటంటే, ఆయన తన లెక్కని పుస్తకంగా అచ్చువేసి అందరి ముందు పెట్టారు. ఎవరైనా తీసుకుని ప్రోగ్రామ్ రాసుకోవచ్చు.

1983 మలుపు. యూరప్‌లో హాన్స్ హాస్ పేరుతో డెకోబ్రెయిన్, అమెరికాలో ఓర్కా ఎడ్జ్. ఎడ్జ్ ఇటుకంత ఉండేది, చేతికి కట్టుకునేది కాదు. కానీ దాని స్క్రీన్ మీద పన్నెండు డబ్బాలూ పన్నెండు గీతలుగా నిండుతూ కనిపించేవి. తన ఒంట్లో జరిగే లెక్కని డైవర్ కళ్లారా చూశాడు. 1987కల్లా ఫిన్లాండ్‌లో దిక్సూచులు చేసే సూంటో కూడా ఈ రంగంలోకి వచ్చింది. అదే కాలంలో అలాడిన్ అనే చిన్న కంప్యూటర్ ఎక్కువమంది చేతుల్లోకి చేరింది. 2022లో ఆపిల్ వాచ్ అల్ట్రా వచ్చింది, 40 మీటర్ల దాకా డైవ్ యాప్‌తో. లోపల నడిచేది బ్యూల్‌మన్ లెక్కే.

ఒక్కో బీప్ వెనక ఒక గొడవ

1988లో కాలిఫోర్నియా దగ్గర క్యాటలినా ద్వీపంలో సైంటిఫిక్ డైవర్లు కూర్చుని, ఈ కంప్యూటర్లని నమ్మొచ్చా లేదా అని వాదించుకున్నారు. చివరికి కొన్ని నియమాలు రాసుకున్నారు. ఇవాళ మనం వాడే పద్ధతులు చాలావరకు అవే. నాకు అర్థమైనట్టు చెప్తాను. ఇది ట్రైనింగ్‌కి బదులు కాదు, మీ కంప్యూటర్ మాన్యువల్ మీరే చదవాలి.

మొదటిది, ఎవరి కంప్యూటర్ వాళ్లదే. స్నేహితుడి పక్కనే ఈదినా మీ లోతు, మీ టైమ్ వేరు. పొద్దున అతను వేసుకున్న కంప్యూటర్ మధ్యాహ్నం మీరు పెట్టుకుంటే, అది అతని ఒంటి లెక్క మీకు చెప్తుంది. ఇది టూత్‌బ్రష్ లాంటిది అనుకోండి. మధ్యలో మార్చుకోకూడదు.

రెండోది, డైవ్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే డైవ్ అక్కడితో అయిపోయినట్టే. నిదానంగా పైకి, 5 మీటర్ల దగ్గర ఆగి, బయటికి. బాకీ ఉన్న స్టాప్ ఉంటే అదీ తీర్చాలి, అందుకే విడిగా ఇంకో లోతు మీటరు, వాచ్ దగ్గర ఉంటే మంచిది. కొత్త కంప్యూటర్ పెట్టుకుని అదే రోజు మళ్లీ దిగితే, దానికి మీ ఒళ్లు కడిగిన పలక. పొద్దుటి నైట్రోజన్ సంగతి దానికి తెలీదు. ఆ క్యాటలినా నియమాల ప్రకారం కంప్యూటర్ మొదలుపెట్టే ముందు 18 గంటలు డైవ్ చేయకుండా ఉండాలి. మా డైవ్‌మాస్టర్ నాణెం జేబులో వేసుకున్నది ఇందుకే. కొన్ని మోడళ్లలో బ్యాటరీ తీస్తే లెక్క మొత్తం చెరిగిపోతుంది. అప్పుడది నాకు హాయిగా "దిగు, టైమ్ బోలెడు ఉంది" అని చెప్పేది.

మూడోది, పైకొచ్చే వేగం. మీరు తొందరపడితే కంప్యూటర్ బీప్ కొడుతుంది. ఈ సంఖ్య వెనక తమాషా ఉంది. 1950లలో అమెరికన్ నేవీలో ఈత డైవర్లు నిమిషానికి 100 అడుగుల వేగం కావాలన్నారు. బరువైన హెల్మెట్ డైవర్లు అంత వేగం మా వల్ల కాదన్నారు. బేరమాడి 60 అడుగుల దగ్గర ఆగారు, అంటే సుమారు 18 మీటర్లు. సైన్స్ కంటే రాజీ ఎక్కువ. 1993లో అదే నేవీ దాన్ని సగానికి, అంటే 9 మీటర్లకి తగ్గించింది. ఇప్పుడు చాలా కంప్యూటర్లు ఆ చుట్టుపక్కలే అరుస్తాయి. అరిస్తే విసుక్కోకుండా ఆగండి.

నాలుగోది, గ్యాస్ సెట్టింగ్. ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలిని నైట్రాక్స్ అంటారు. 32 శాతం నైట్రాక్స్ అయితే మామూలు హద్దు ప్రకారం సుమారు 33 మీటర్లు దాటకూడదు, దాటితే ఆక్సిజనే ప్రమాదం. జె.బి.ఎస్. వెన్నుపూస గుర్తుందా? ఆ హద్దు వెనక అలాంటి ప్రయోగాలున్నాయి. సిలిండర్‌ని మీరే ఎనలైజర్‌తో చూసుకుని ఆ అంకెనే పెట్టాలి. కొన్ని కంప్యూటర్లు ఒక డైవ్ తర్వాత లేదా అర్ధరాత్రి దాటాక సెట్టింగ్‌ని వాటంతట అవే మార్చేస్తాయి. ప్రతి డైవ్‌కి ముందు చూడాల్సిందే.

యంత్రం కూడా తప్పు చేస్తుందా? చేస్తుంది. 1990ల మధ్య నాటి ఒక నైట్రాక్స్ కంప్యూటర్‌ని 2003లో అమెరికాలో వెనక్కి పిలిపించారు. రెండు డైవ్స్ మధ్య డైవర్ ఒడ్డున మామూలు గాలి పీలుస్తుంటే, అది మాత్రం ఇంకా నైట్రాక్స్ పీలుస్తున్నాడని లెక్కేసుకునేది. అంటే ఒంట్లో నైట్రోజన్ నిజానికంటే తొందరగా దిగిపోయినట్టు చూపించేది. ఒక్క లైన్ తప్పు, కానీ దాన్ని నమ్మి నీళ్లలోకి దిగేది మనిషి.

ఇక చిన్నచిన్న రిపేర్లు. కంప్యూటర్ నీళ్లలో ఆన్ కావట్లేదా? చాలావాటికి తడి తగిలితే మేల్కొనే లోహపు చుక్కలు ఉంటాయి, వాటి మీద ఉప్పు, సన్‌స్క్రీన్ జిడ్డు పేరుకుంటుంది. ఒడ్డున కూర్చున్నా లోతు చూపిస్తోందా? ప్రెజర్ సెన్సార్ రంధ్రాల్లో ఉప్పు గడ్డకట్టి ఉండొచ్చు. రెండింటికీ మందు మంచినీళ్లలో నానబెట్టడమే. పిన్నుతో పొడవద్దు, సెన్సార్ పోతుంది. బ్యాటరీ మార్చినప్పుడు రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు దూరతాయి. లోతు పక్కవాళ్లదానికంటే కాస్త తేడాగా ఉంటే కంగారొద్దు. కంప్యూటర్ నిజంగా కొలిచేది ఒత్తిడిని, మీటర్లు దాని నుంచి కట్టిన లెక్క. ఉప్పునీళ్లు, మంచినీళ్ల సెట్టింగ్ తేడా వల్ల సుమారు మూడు శాతం మారుతుంది.

చివరగా విమానం. పైకెగిరితే ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, సోడా మూత మళ్లీ తీసినట్టే. స్టాప్ అవసరం లేని ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్స్ లేదా వరుస రోజులు చేస్తే 18, డీకంప్రెషన్ స్టాప్ పడిన డైవ్ అయితే అంతకంటే చాలా ఎక్కువ ఆగాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి వైజాగ్‌కో చెన్నైకో టికెట్ బుక్ చేసేటప్పుడే ఇది చూసుకోండి.

ఇంతకీ నా కంప్యూటర్ ఎందుకు లాక్ అయింది?

తాబేలు. మూడో డైవ్‌లో ఒక తాబేలు వెనక పడి అనుకున్నదానికంటే కిందికి వెళ్లిపోయా. మిగిలిన నిమిషాలు సున్నా అయ్యాయి. స్క్రీన్ మీద "3 మీటర్ల దగ్గర 5 నిమిషాలు ఆగు" అని వచ్చింది. నేనది ప్రతి డైవ్ చివర చేసే మామూలు సేఫ్టీ స్టాప్ అనుకున్నా. సేఫ్టీ స్టాప్ మంచి అలవాటు. డీకంప్రెషన్ స్టాప్ మాత్రం బాకీ, తీర్చాల్సిందే. మూడు నిమిషాలు ఆగి, అందరూ వెళ్తున్నారని నేనూ పైకి వచ్చేశా. రెండు నిమిషాల బాకీ. కంప్యూటర్ అది రాసిపెట్టుకుంది. ఇక నా లెక్కకి హామీ ఇవ్వనని చెప్పి తప్పుకుంది.

ఆ రోజంతా డైవ్‌మాస్టర్ గంటకోసారి వచ్చి అడిగేవాడు: "భుజం నొప్పి ఉందా? వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? ఏదున్నా దాచకు." అలాంటివి ఏమైనా ఉంటే ఆక్సిజన్ పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, నిద్రపోతే తగ్గుతుందిలే అనుకోకూడదు. నాకు ఏమీ కాలేదు. అదృష్టం అనే అంటాను, ఎందుకంటే ఇవి సగటు ఒంటికి వేసిన లెక్కలు. కంప్యూటర్ మాట విన్నవాళ్లకి కూడా అప్పుడప్పుడు బెండ్స్ వస్తాయి. వినకపోతే ఆ అవకాశం పెరుగుతుంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తా. హోండురాస్ తీరంలో మిస్కీటో అనే ఆదివాసీలు ఉన్నారు. రాతిరొయ్యల కోసం డైవ్ చేస్తారు, అందులో ఎక్కువ భాగం అమెరికాకి ఎగుమతి. ఒకే రోజులో సిలిండర్ మీద సిలిండర్ మార్చి లోతుకి దింపుతారు. చాలామందికి సరైన ట్రైనింగ్ లేదు, లోతు చూపించే మీటర్ కూడా ఉండదు. వందల మందికి కాళ్లు పడిపోయాయి. 2021 ఆగస్టులో ఇంటర్-అమెరికన్ మానవ హక్కుల కోర్టు 42 మంది డైవర్ల కేసులో తీర్పు ఇచ్చింది, అక్కడి ప్రభుత్వం తన బాధ్యత ఒప్పుకుంది.

1908లో మేకల సాయంతో మొదలైన లెక్క అది. ఈ సంగతి ప్రపంచానికి తెలిసి వందేళ్లు దాటింది. సరదాకి దిగే నా చేతికి అది ఉంది. పొట్టకూటికి దిగే వాళ్ల చేతికి లేదు. కైసన్‌లో వంగిపోయిన కూలీకీ, వీల్‌చైర్‌లో ఉన్న మిస్కీటో డైవర్‌కీ మధ్య నూట యాభై ఏళ్లు గడిచాయి, జబ్బు మాత్రం అదే. అలాంటి యంత్రం చేతికి ఉండి కూడా, రెండు రూపాయల నాణెంతో దాని నోరు మూయించబోయాను నేను.

ఆ నాణెం డైవ్‌మాస్టర్ నాకు తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. మీలో ఎవరైనా త్వరలో డైవింగ్‌కి వెళ్తుంటే, ఇవాళ రాత్రి పది నిమిషాలు ఆ మాన్యువల్ తీసి చదవండి. ఉంటానండీ.